మూల మగ్గం ఆగేదాకా

భుజం పట్టేసి నెల దాటింది. జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి పోదు, పై అరలో ఉన్న పప్పు డబ్బా అందదు. సూరత్‌ భేస్తాన్‌లో మా ఫ్లాటు ఎదురుగానే ఫిజియోథెరపీ క్లినిక్ ఉంటే పోయి చూపించుకున్నాను. అక్కడి అమ్మాయి నన్ను గోడ ముందు నిలబెట్టి, "రెండు అరచేతులూ ఆనించి తోయండి ఆంటీ. గోడ కదలదు, అయినా మీరు తోస్తూనే ఉండండి" అంది. నాకు నవ్వొచ్చింది. ఈ విద్య నాకు పదో తరగతిలోనే వచ్చు తల్లీ అందామనుకుని, పాపం చిన్నపిల్ల చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాను. ఇంటికొచ్చి హాల్లో టీవీ పక్కన ఖాళీగా ఉన్న గోడకు చేతులు ఆనించాను. డిస్టెంపర్ వేసిన గోడ చల్లగా తగిలింది. అంతే, ఆ చల్లదనం తప్ప ఇంకేమీ లేదు. నా అరచేతులు ఏదో వెతుక్కుంటున్నట్టు అనిపించింది. ఏం వెతుకుతున్నాయో కాసేపటికి తెలిసింది. నేను పెరిగిన లింబాయత్‌లో సున్నం రాలే ఒక గోడ ఉండేది, రాత్రీ పగలూ సన్నగా వణుకుతూ ఉండేది. ఆ గోడ ముందు కొంగు నడుముకు బిగించి నిలబడే రాజవ్వ చిన్నమ్మ ఉండేది. ఆమె ఎంతగా గుర్తొచ్చిందంటే, చేతులు దించడం కూడా మరిచిపోయాను.

రాజవ్వ చిన్నమ్మ మాకు రక్తసంబంధం కాదు. మా అమ్మదీ ఆమెదీ కరీంనగర్ వైపు పక్కపక్క ఊళ్ళు. సూరత్‌లో అంతకంటే దగ్గరి చుట్టరికం ఎవరికీ అక్కర్లేదు. కింద మగ్గాల కార్ఖానా, పైన వరుసగా ఒంటి గదులు, వాటి ముందు పొడుగాటి గ్యాలరీ. మా గది మెట్ల పక్కన ఉండేది, వాళ్ళది చివర. కింద మగ్గాలు నడిచినంతసేపూ పైన గచ్చు, గోడలు, మంచం కోళ్ళు, అరలో గిన్నెలు అన్నీ వణికేవి. గ్లాసులో పోసిన నీళ్ళు ఊరికే ఉండేవి కావు. ఆ చప్పుడులో పుట్టి పెరిగాం కాబట్టి మా వాళ్ళు ముద్దుగా పలకరించుకున్నా కొత్తవాళ్ళకు కొట్లాటలాగే వినపడేది. ఊరి నుంచి చుట్టాలొస్తే మొదటి రోజు అడిగే మాట ఒకటే, "మీరెట్ల పండుకుంటరే ఇక్కడ?" అని. ఆ చప్పుడు ఆగితేనే మాకు నిద్ర పట్టదని వాళ్ళకు చెప్పినా నమ్మేవాళ్ళు కాదు.

చిన్నమ్మ భర్త లింగయ్య కాక ఆ కార్ఖానాలోనే మగ్గం నడిపేవాడు. వాళ్ళ గదికి సరిగ్గా కింద, మూలన ఉండే మగ్గం అతనిది. అది పాతది, పైగా మొండిది. మాటిమాటికీ తార్ తెగి ఆగిపోయేది. మిగతా కారీగర్లు దాన్ని నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. కాక మాత్రం తెగిన దారం ముడేసి, దాని వీపు తట్టి మళ్ళీ నడిపించేవాడు. "ఇది నా రెండో పెండ్లాం" అనేవాడు. "మొదటిదాన్నే సంబాళించలేకపోతున్నవు, రెండోది గూడ కావాల్నా నీకు?" అని చిన్నమ్మ గ్యాలరీలో నుంచే కేకేసేది. చిన్నమ్మ పక్క సందులో దారం కోన్లు చుట్టే పనికి పోయేది. వాళ్ళకు పిల్లల్లేరు. ఆ లోటు వాళ్ళు ఒకరినొకరు ఆటపట్టించుకోవడంలో మరిచిపోయేవాళ్ళేమో అని ఇప్పుడు అనుకుంటాను.

ఒకరోజు పొద్దున ఆ మూల మగ్గం పక్కనే కాక కూలబడిపోయాడు. లక్వా అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక కాకను లేపి కూర్చోబెట్టాలన్నా, స్నానానికి తీసుకుపోవాలన్నా ఇద్దరు మగవాళ్ళు కావాల్సి వచ్చేది. డ్యూటీ దిగినవాళ్ళు వచ్చి సాయం పట్టేవాళ్ళు. మంచివాళ్ళే, కాదనను. కానీ వాళ్ళ తీరిక వేళా, కాక అవసరం వేళా ఎప్పుడూ కలిసేవి కావు. పక్క తడిసిన రోజున కాక గోడవైపు ముఖం తిప్పుకుని కళ్ళు మూసుకునేవాడు. ఎవరు పిలిచినా తెరిచేవాడు కాదు. మగ్గాల మధ్య పులిలా తిరిగిన మనిషి అలా పడుకుని ఉంటే చూడలేక నేను గుమ్మంలోంచే వెనక్కి వచ్చేసేదాన్ని.

"రోగంతోని కాదక్కా, సిగ్గుతోని సస్తడు ఆయన. నేనే లేపాలె, ఇంకోలు చెయ్యి పెట్టద్దు" అంది చిన్నమ్మ మా అమ్మతో.

"నువ్వెట్ల లేపుతవే? గాలొస్తె ఊగే మనిషివి" అంది అమ్మ.

మా అమ్మ మాట నిజమే. చిన్నమ్మ బక్కపలచగా, ఎండు చేపలా ఉండేది. కాక మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆసుపత్రిలో కాకకు కసరత్తు నేర్పిన గుజరాతీ అమ్మాయి దగ్గరికి చిన్నమ్మ మళ్ళీ పోయింది. కాకకు నేర్పినవేమో, బాగున్న చేత్తో బాగాలేని చేతిని పట్టుకుని ఒకదానికొకటి ఎదురు ఒత్తడం లాంటివి. కాక వాటిని ముట్టుకోలేదు. "ఆయన చెయ్యకపోతె ఊకో. నాకు నేర్పు" అని చిన్నమ్మ తన హిందీలో అడిగిందట. ఆ అమ్మాయి నవ్వి, సామాను ఏమీ లేకుండా ఇంట్లోనే చేసుకునేవి చూపించింది. కదలని దాన్ని తొయ్యి మాసీ, రాని దాన్ని గుంజు, ఊపిరి మాత్రం బిగబట్టకు అని చెప్పి పంపింది.

సరిగ్గా అప్పుడే నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. పోతూ పోతూ నాలో సగాన్ని పట్టుకుపోయింది. కింద నల్లా దగ్గర నుంచి చిన్న బకెట్టు కూడా మోయలేక మెట్ల మధ్యలో చతికిలబడేదాన్ని. మొదటి నుంచీ నోట్లో నాలుక లేని పిల్లను నేను. బడిలో టీచరు పేరు పిలిచినా "హాజర్" అనడానికి గుటకలు మింగేదాన్ని. అమ్మ పనికి పోతూ నన్ను చిన్నమ్మ గదిలో దిగబెట్టి పోయేది, చిన్నమ్మ కోన్ల పనికి పోయినప్పుడు కాకకు తోడుగా ఉన్నట్టూ ఉంటుంది, నాకు తోడున్నట్టూ ఉంటుందని. మొదటి రోజు నేను చూసిన దృశ్యం ఇదీ: చిన్నమ్మ కొంగు నడుముకు చుట్టి, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, గోడను తోస్తూ ఉంది. ముఖం ఎర్రబడింది. గోడ ఎక్కడికీ పోలేదు. మంచం మీద నుంచి కాక ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నాడు.

"ఏం జూస్తున్నవు? నువ్వు గూడ రా. నీ చేతులు సూడు, జాడు పుల్లల లెక్కున్నయి" అంది.

నేను పక్కన నిలబడి తోశాను. అరచేతుల కింద గోడ గుర్‌మంటూ వణికింది. కింద మగ్గాలు నా మోచేతుల్లోకి ఎక్కి వస్తున్నట్టనిపించింది. నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. చిన్నమ్మ చూసింది.

"ఊపిరి ఆపద్దంటె ఆపుతవేందే? మాట్లాడు. మాట్లాడుకుంట తొయ్యి. మాట నడిస్తె ఊపిరి నడిసినట్టే."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. జరం రాకముందు బడిల ఏమైంది జెప్పు. అబద్ధమైన జెప్పు, ఏం పర్వలేదు."

అదీ ఆమె పద్ధతి. గోడను తోస్తున్నంతసేపూ నేను మాట్లాడాలి. మొదట్లో ఒక్కో మాట పంటికింద రాయిలా వచ్చేది. తర్వాత బడి సంగతులు, స్నేహితురాళ్ళ తగాదాలు, నేను చూడని సినిమాల కథలు కూడా చూసినట్టు కల్పించి చెప్పేదాన్ని. కాక మంచం మీద నుంచి వినేవాడు. నా కథల్లో బొంకు దొర్లినప్పుడల్లా అతని పెదవి ఎడమ పక్క కొంచెం లేచేది. ఇవాళ నేను టీచర్నయి బడిలో పాఠం చెబుతూ గంట మోగినా ఆపనని పిల్లలు విసుక్కుంటారు. వాళ్ళు విసుక్కోవాల్సింది రాజవ్వ చిన్నమ్మను.

ఎంతసేపు తోయాలి అన్నదానికి ఆమెకు గడియారం అక్కర్లేదు. మూల మగ్గం ఆగేదాకా తోయాలి, అంతే. తార్ తెగగానే గోడలో ఒక వణుకు తగ్గేది. ఎన్ని మగ్గాలు నడుస్తున్నా ఆ ఒక్కటి ఆగడం మా అరచేతులకు తెలిసేది. "ఆగింది, దించు" అనేది. చేతులు దులుపుకుని మంచినీళ్ళు తాగేవాళ్ళం. అది మళ్ళీ అందుకోగానే మళ్ళీ గోడకు. తర్వాత గోడకు వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి నిలబడేవాళ్ళం. దర్వాజాలో నిలబడి రెండు పక్కలనూ చేతులతో తోసేవాళ్ళం. తువ్వాలును పాదం కింద వేసి రెండు కొసలూ పైకి గుంజేవాళ్ళం. అదీ కాకపోతే రెండు అరచేతులూ దండం పెట్టినట్టు కలిపి ఒకదాన్నొకటి ఒత్తేవాళ్ళం. "కుడి చెయ్యికి ఎడమ చెయ్యే పగోడు, ఎడమ చెయ్యే దోస్తు" అని చిన్నమ్మ నవ్వేది. గ్యాలరీలో ఆడవాళ్ళు కొన్నాళ్ళు ఆమెకు గాలి సోకిందన్నారు. సోకితే సోకిందిలే, గోడకే కదా అపకారం అని మా అమ్మ వాళ్ళ నోళ్ళు మూయించింది.

ఒకరోజు మాత్రం మా ప్రాణాల మీదికి వచ్చింది. గోడకు చేతులు పెట్టాం, తోస్తున్నాం, కథ చెబుతున్నాను. కథ అయిపోయింది, మగ్గం ఆగలేదు. ఇంకో కథ ఎత్తుకున్నాను. భుజాలు మండుతున్నాయి. "ఏందే ఇయ్యాల దీనికి తార్ తెగుతలేదు?" అంది చిన్నమ్మ చెమటలు కారుస్తూ. చేతులు తీసేద్దామంటే ఒప్పుకోదు. చివరికి నా కాళ్ళు వణికి కింద కూర్చున్నాను, చిన్నమ్మ నా మీద పడింది. అప్పుడు మంచం మీద నుంచి ఒక వింత చప్పుడు వినిపించింది. లక్వా వచ్చాక కాక మొదటిసారి నవ్వుతున్నాడు. నోరు ఒక పక్కకు పోతూ, కళ్ళ నుంచి నీళ్ళు కారుతూ నవ్వుతున్నాడు. సంగతేమంటే, పొద్దున మిస్త్రీ వచ్చి ఆ మగ్గాన్ని బాగుచేసి పోయాడు. కింద నుంచి వచ్చిన శబ్దంలోనే కాకకు అది తెలుసు, మాకు చెప్పడానికి మాట లేదు. నవ్వు ఆగాక కాక తన ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని మెల్లగా ఒత్తడం మొదలుపెట్టాడు. చిన్నమ్మ చూడనట్టు నటించి గిన్నెలు సర్దింది. పాత మగ్గానికి ఏ రిపేరూ ఎక్కువ రోజులు ఆగదు కాబట్టి వారం తిరక్కుండానే మాకు మా కొలత తిరిగి దొరికింది.

వానాకాలంలో కాక అన్న ఓదెలు ఊరి నుంచి వచ్చాడు. తమ్ముణ్ణి చూసి గ్యాలరీలో నిలబడి ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఊరికి తీసుకుపోతానన్నాడు. అక్కడ మనుషులున్నారు, లేపుతారు, పడుకోబెడతారు. చిన్నమ్మ వెంట పోవడానికి లేదు. ఆమె కోన్ల పని మానేస్తే మందులు ఆగిపోతాయి. అంటే ఆయన అక్కడ, ఈమె ఇక్కడ. ఓదెలు చెడ్డవాడు కాదు, అందుకే అతన్ని కాదనడం ఇంకా కష్టమైంది.

"దీపావళి ఛుట్టీలకు రా బావా. అప్పటికి నేనొక్కదాన్ని లేపలేకపోతె తీస్కపో, అడ్డం రాను. లేపిన్నంటె మల్ల ఈ మాట ఎత్తద్దు" అంది చిన్నమ్మ.

"పంతాలకు పోతె మనిషి దక్కుతడా రాజవ్వా?" అన్నాడు ఓదెలు. కానీ ఒప్పుకున్నాడు.

తర్వాత చిన్నమ్మ మాటల్లో సరదా తగ్గింది, తోయడం పెరిగింది. వానలు తగ్గాక ఒక పొద్దున ఆమె ఒక్కతే కాకను లేపింది. మంచం అంచున కూర్చోబెట్టి, అతని ఎడమ చెయ్యి తన మెడ చుట్టూ వేయించుకుని, మోకాళ్ళు వంచి, లేని కుర్చీలోంచి లేచినట్టు లేచింది. ఇద్దరూ నిలబడ్డారు. రెండడుగులు వేసి గ్యాలరీలో కుర్చీలో కూర్చోబెట్టింది. కాక కింద సందునూ, షేరింగ్ ఆటోలనూ, చీరల మూటలు మోసుకుపోయే మనుషులనూ చూస్తూ ఉండిపోయాడు. నేను ఏడ్చాను. చిన్నమ్మ మాత్రం, "ఏడుస్తవేందే, చాయ పెట్టు" అంది. ఆనాటి నుంచి రోజూ లేపేది. ఆమె బలం చూసి మురిసిపోయామే తప్ప, వాళ్ళిద్దరూ లేచే క్షణం దేన్నిబట్టి కుదురుతోందో మేమెవరమూ గమనించలేదు. ఆమె కూడా గమనించలేదు.

దీపావళికి ఓదెలు వచ్చాడు. సాయంత్రం బస్సుకు రెండు సీట్లు చెప్పుకునే వచ్చాడు. కార్ఖానాలన్నీ బంద్. లింబాయత్ మొత్తం చెవిలో దూది పెట్టినట్టు ఉంది. మాటలు మరీ పెద్దగా వినపడి ఎవరికి వాళ్ళే గొంతు తగ్గించుకుంటున్నారు. చిన్నమ్మ కొంగు బిగించి కాక ముందుకు వంగింది. మెడ చుట్టూ చెయ్యి వేయించుకుంది. లేపింది. కాక లేవలేదు. ఆమె లేచినప్పుడు అతను కూర్చునే ఉన్నాడు, అతను ఎడమ కాలు తన్నేసరికి ఆమె బలం అయిపోయింది. ఇద్దరూ మంచం మీద పడ్డారు. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అంతే. ఆమె ముఖంలో అంత భయం నేను ఎప్పుడూ చూడలేదు.

ఓదెలు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "చాలు బిడ్డా. నువ్వు చేసినంత ఎవ్వలు చెయ్యరు. ఇగ నాకు ఇడిసిపెట్టు" అన్నాడు.

చిన్నమ్మ అతని చెయ్యి తప్పించుకుంది. గోడ దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించింది. గోడ చచ్చినట్టు ఉంది. అలాగే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు వినిపించింది, టక్ అని. కాక ఎడమ చేతి వేళ్ళ కణుపులతో ఇనుప మంచం పట్టెను కొట్టాడు. టక్. కాసేపాగి ఇంకో టక్. తార్ ముడేసి మీట వేశాక మూల మగ్గం ఎట్లా అందుకుంటుందో, మొదట బద్ధకంగా, తర్వాత కొంచెం వడిగా, అచ్చం అట్లాగే. మొండి మగ్గం చేసే ఆ కుంటి తాళం లింబాయత్‌లో ఇంకెవరికీ రాదు. అన్ని రోజులూ ఆ మగ్గం అందుకునే అదురు మంచం కోళ్ళలోంచి పైకి వచ్చినప్పుడే కాక కాలు తన్నేవాడు, ఆమె నడుము లేచేది. చిన్నమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగింది. కాక ఆమె కళ్ళలోకి చూస్తూ కొడుతూనే ఉన్నాడు. నన్ను పంపకు అని అంత గట్టిగా చెప్పిన మాట నేను ఇంకెక్కడా వినలేదు.

ఆమె పరుగున వచ్చి వంగింది. మెడ చుట్టూ వేసుకోవాల్సిన చెయ్యి పట్టెను కొడుతోంది కాబట్టి ఈసారి రెండు చేతులతో అతని నడుము చుట్టూ పట్టుకుంది. "చెప్పు బిడ్డా, ఏదన్న చెప్పు" అంది నాతో. నేను మంచం పక్కన నిలబడి ఏం చెప్పానో నాకే తెలియదు, ఏదో కథ, తలా తోకా లేని కథ. టక్ టక్ టక్ వడి అందుకుంది. కాక చెయ్యి పట్టెను వదిలి ఆమె మెడను పట్టుకుంది, ఇద్దరూ లేచారు. ఓదెలు తలపాగా తీసి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. సాయంత్రం బస్సులో పక్క సీటు మీద సంచి పెట్టుకుని ఒక్కడే ఊరికి పోయాడు.

ఆ చలికాలంలో ఒక ఆదివారం అందరం కలిసి డుమస్ బీచికి పోయాం. చిన్నమ్మ కాకను ఆటోలోంచి దింపి సముద్రం కనిపించే చోట బెంచీ మీద కూర్చోబెట్టింది. టమాటా భజ్జీ చల్లార్చి, తుంచి నోట్లో పెట్టింది. "గీ సముద్రం గూడ మన మగ్గం లెక్కనే సప్పుడు జేస్తది, ఒక్కపారి గూడ తార్ తెగదు" అంది. కాక పెదవి ఎడమ పక్క లేచింది. ఆ రోజు మళ్ళీ ఒక్కసారి వస్తే చాలునని ఇప్పటికీ అనుకుంటాను. వస్తే ఏమీ మార్చను, ఊరికే వాళ్ళ పక్కన కూర్చుంటాను.

కాక ఆ తర్వాత కొన్నేళ్ళు బతికాడు. ఆమె చేతుల మీదనే లేచాడు, ఆమె చేతుల మీదనే పడుకున్నాడు. అతను పోయాక చిన్నమ్మ ఊరికి వెళ్ళిపోయింది. ఈ గది నన్ను కూర్చోనివ్వదు బిడ్డా అంది. ఫోన్ చేస్తే మొదటి మాట, "తోస్తున్నవా?" అనే. నేను తోయకపోయినా తోస్తున్నాననేదాన్ని. అబద్ధమైనా చెప్పమని నేర్పింది ఆమే కదా. పోయినేడు ఆమె కూడా పోయింది. పెళ్ళయి భేస్తాన్ వచ్చాక నేను లింబాయత్ వైపు పోవడం తగ్గింది. కార్ఖానా సేఠ్ పాత మగ్గాలన్నీ తుక్కుకు అమ్మేశాడని, అక్కడ ఇప్పుడు చీరలు మడతపెడుతున్నారని అమ్మ చెప్పింది. మూల మగ్గం కూడా పోయిందా అని అడిగాను. అమ్మ నన్ను వింతగా చూసి, పోకుండా ఉంటుందా మరి అంది.

ఇప్పుడు రోజూ పొద్దున టీవీ పక్క గోడకు చేతులు ఆనించి నిలబడుతున్నాను. క్లినిక్ అమ్మాయి ఫోన్‌లో టైమర్ పెట్టుకోమంది, పెట్టుకోలేదు. ఊపిరి బిగబట్టకూడదు కాబట్టి మాట్లాడుతున్నాను. చిన్నమ్మా, నిన్న బడిలో ఒక పిల్ల పేరు పిలిస్తే పలకలేదు, దాన్ని గోడ దగ్గరికి తీసుకుపోయి తోయమన్నాను, నవ్వింది. చిన్నమ్మా, భుజం కొంచెం నయం, జడ సగం దాకా వస్తోంది. చిన్నమ్మా, ఈ గోడలో ఏమీ వినపడదు. మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి, ఎవరితో మాట్లాడుతున్నావు, ఇంకెంతసేపు అని అడుగుతాడు. మూల మగ్గం ఎన్నడో ఆగిపోయిందని నాకు తెలుసు. చేతులు దించమని ఎవరూ చెప్పలేదు, ఇంకా తోస్తూనే ఉన్నాను.